మొదటి చెంబు

నేను ఒక చేతిపంపును. నా మూతికి ఎర్ర రంగు పూశారు. నేలలోకి విషం వదిలినవాడి గేటుకు మాత్రం అతను వేయించుకున్న ఆకుపచ్చ రంగే చివరిదాకా ఉంది. ఇది జరిగిన సంగతి. ఇందులో వాదన ఏమీ లేదు.

మొగిలివాడ అనే ఈ ఊళ్ళో నన్ను బోరింగు అంటారు. నాకూ ఆ పేరే అలవాటు. నేను పుట్టింది పట్నం అంచున ఒక రేకుల షెడ్డులో. ఇనుము కోసి, అతికించి, కరిగిన జింకులో ముంచి తీశారు. ఆ రోజు నాలాంటివి నలభై మునిగాయి. ఏది ఏ ఊరి దాహం తీర్చబోతుందో ముంచినవాడికి తెలియదు, మునిగిన మాకూ తెలియదు. లారీలో పడుకోబెట్టి తెచ్చారు. ఊరికి ఉత్తరాన, వడ్డెరవాడ చివర, అప్పుడే ప్రహరీ లేస్తున్న కంపెనీ పక్కన నిలబెట్టారు. ఆ కంపెనీలో పసుపు రంగు పొడి తయారవుతుందని, అందరికీ పని దొరుకుతుందని ఊళ్ళో చెప్పుకున్నారు. దాని గేటు నిలబెట్టిన రోజు వంద కొబ్బరికాయలు కొట్టారు. నాకు ఒకటి కొట్టారు. ఆ ఒక్కటీ తీపి కాయ. అది కూడా చెప్పాలి.

నన్ను బోరు మీద బిగించినవాడు జంగయ్య. మండలంలోని బోరింగులన్నిటికీ అతనే మెకానిక్. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. అప్పటికి ముప్పై నిండలేదు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. అతను బిగించిన బోల్టు ఏడాది దాకా కదిలేది కాదు. అతని తాతతండ్రులు బావులు తవ్వినవాళ్ళు. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నీళ్ళు తెచ్చినవాడే మొదటి చెంబు తాగాలి. ఊరి ఎదుట తాగి, కాసేపు నిలబడి, అప్పుడు పక్కకు తప్పుకోవాలి. అంతదాకా ఎవరూ బిందె పెట్టరు. బావులు పోయి బోరింగులు వచ్చినా జంగయ్య ఆ పద్ధతి వదల్లేదు. కొత్తది వేసినా, పాతది బాగుచేసినా మొదటి చెంబు అతనిదే.

ఆ రోజు వాడంతా నా చుట్టూ మూగింది. పెంటమ్మ అనే ఆమె బిందెతో అందరికంటే ముందు నిలబడింది. నోరున్న మనిషి.

“తాగురా జంగా, జెల్ది తాగు. పొద్దుగూకేదాక నువ్వు బతికుంటె మేం గూడ తాగుతం,” అంది.

జంగయ్య పెళ్ళాం బాలామణి కొత్త కోడలు. వెనక నుంచి అందుకుంది. “ఆయనకేమైతది పెద్దమ్మా? నేను వండిందే అరిగించుకుంటుండు. నీళ్ళొక లెక్కనా?”

అందరూ నవ్వారు. జంగయ్య నవ్వకుండా చెంబు ఎత్తి తాగాడు. బాలామణి అతని చేతిలోంచి చెంబు లాక్కుని రెండోది తను తాగింది. “తియ్యగున్నయ్,” అంది. మొదటి బిందె ఆమె నెత్తినే వెళ్ళింది. అప్పటి నుంచి అది కూడా పద్ధతిలో కలిసింది. మొదటి చెంబు మెకానిక్‌ది, మొదటి బిందె మెకానిక్ ఇంటిది.

తొమ్మిదేళ్ళు మంచి నీళ్ళు ఇచ్చాను. గొప్పకు చెప్పడం లేదు. నీళ్ళు నేలవి, నేను పైకి తెచ్చేదాన్ని మాత్రమే. పెళ్ళికి, పురిటికి, చావుకు, బర్రెకు, ఇటుకకు ఒకే నీళ్ళు తెచ్చాను. కొట్టేది ఏ కులమో నా పిడికి తెలిసేది కాదు. మనుషులకు తెలిసేది. వరసలో ఎడం పాటించి, ఒకే నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు.

పదో ఏట ఎండాకాలంలో నీళ్ళు పసుపు తిరిగాయి.

జంగయ్య వచ్చాడు. చెంబులో పట్టి వెలుగుకు ఎత్తి చూశాడు. అతను అంతవరకు చూసిన పసుపు నీళ్ళన్నిటికీ కారణం ఒక్కటే, పైపుల తుప్పు. అతనికి తెలిసిన రోగం అది. అతని దగ్గరున్న మందూ దానికే. “తుప్పు. పైపులు మారుస్త,” అన్నాడు. మూడు కాళ్ళ స్టాండు వేసి నా పది పైపులూ పైకి లాగాడు, కొత్తవి దింపాడు. రెండు నెలలు బాగానే ఉంది. మళ్ళీ పసుపు. ఈసారి ఇంటి దగ్గర పడివున్న రెండు పైపులు తెచ్చి చేర్చాడు. నన్ను ఇంకో ఇరవై అడుగులు కిందికి దింపాడు. లోతుకు పోతే మంచి నీళ్ళుంటాయన్నది బావులు తవ్విన వాళ్ళింటి నమ్మకం. ఆ రెండు పైపులు అతని సొంతవి కాబట్టి ఏ కాగితంలోనూ ఎక్కలేదు. “యాభై కొట్లు కొట్టి పారబొయ్యుండ్రి. ఆనక తాగుండ్రి,” అని వాడకు చెప్పాడు. ముందు తాను తాగాడు. బాలామణి తాగింది. బిందె నెత్తికెత్తుకుంది.

వెనక ఎవరో జంకితే పెంటమ్మ కసిరింది. “మెకానిక్ పెండ్లామే తాగంగ నీకేం పుట్టింది?”

అది తుప్పు కాదు. ప్రహరీకి అవతల రంగు కడిగిన నీళ్ళను ఒక గుంటలో నిలవేసేవాళ్ళు. గుంటకు అడుగున మన్ను తప్ప ఏమీ లేదు. వాన పడ్డప్పుడల్లా విషం కిందికి దిగింది. నన్ను లోతుకు దింపినకొద్దీ దానికి దగ్గరయ్యాను. నాకు నోరు ఉంది, మాట లేదు.

కంపెనీ యజమాని చూడ్డానికి చెడ్డవాడిలా ఉండేవాడు కాదు. ఎండాకాలం గేటు ముందు పందిరి వేసి చలివేంద్రం పెట్టేవాడు. ఆ కుండల్లోకి నీళ్ళు పట్నం నుంచి ట్యాంకరులో వచ్చేవి. నేను అక్కడికి పది బారల దూరంలోనే ఉన్నాను. ట్యాంకరు ఎందుకని ఎవరూ అడగలేదు. ఊరంతా అతని ధర్మగుణం పొగిడింది. తనిఖీకి వచ్చిన అధికారులు జీపులో తెచ్చుకున్న సీసా నీళ్ళు తాగుతూ నా నీళ్ళు బాగున్నాయని రాసుకుని పోయారు. కొందరి దాహం తెలివైనది. ఎక్కడ తాగకూడదో వాళ్ళకు ముందే చెబుతుంది.

బాలామణికి మొదట చేతుల మీద పుండ్లు లేచాయి. తర్వాత కాళ్ళు వాచాయి. పట్నం ఆసుపత్రిలో మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. ఏం నీళ్ళు తాగుతారని అడిగితే జంగయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడట. నాలుగేళ్ళకు ఆమె పోయింది. చివరి స్నానానికి నీళ్ళు నా దగ్గర పట్టనివ్వలేదు జంగయ్య. మైలు దూరం నుంచి ఎడ్లబండి మీద తెప్పించాడు.

ఆ మరుసటి ఏడు ఎవరో వచ్చి నా నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళారు. మూడు నెలలకు ఇంకెవరో ఎర్ర రంగు డబ్బాతో వచ్చారు. పూసి, తాగరాదని రాసి, టీ తాగి వెళ్ళారు. ఆడవాళ్ళు నన్ను విషపు బోరింగు అన్నారు. పిల్లలు రాళ్ళు విసిరారు. జంగయ్య మెకానిక్ పని మానేశాడు, బోల్టులు తిప్పే రించీలు పాడుబావిలో పారేశాడు. అతని ఇంటి నుంచి రోడ్డుకు దగ్గర దారి నా ముందు నుంచే. అతను చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. తప్పనిసరై ఎదురుపడితే ఉమ్మేవాడు. నాకేమీ అనిపించలేదంటే అబద్ధం.

ఇంకో రెండేళ్ళకు కేసులు పడి కంపెనీ మూతపడింది. యజమాని డ్రమ్ములు వదిలాడు, బురద వదిలాడు, గుంట వదిలాడు. గేటుకు తాళం వేసి తాళంచెవి ఒక్కటీ భద్రంగా పట్టుకుపోయాడు. పదకొండేళ్ళు ఆ తొమ్మిదెకరాల్లో తుమ్మ కూడా సరిగా మొలవలేదు. వాన పడితే నేల మీద పసుపు పొర తేలేది. గోడ కూలినచోట కూడా మేకలు లోపలికి పోయేవి కాదు. వాటికోసం ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు.

ఇంతదాకా చెప్పింది కోపం. మేలు చేసినవాళ్ళ గురించి చెప్పకుండా పోతే నేనూ ఆ యజమాని లాంటిదాన్నే అవుతాను.

వడ్డెరవాడ కోడలు స్వరూప సర్పంచ్ అయింది. బీడీలు చుడుతూ పదో తరగతి పాసైన మనిషి. ఆ భూమిని శుభ్రం చేయించి ఊరికి ఇప్పించమని రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. పిల్లలకు ఆటస్థలం, మంగళవారం అంగడికి గద్దెలు, ఆడవాళ్ళ సంఘానికి ఒక షెడ్డు. అంతే అడిగింది. “పల్లెటూరికి పార్కెందుకమ్మా?” అని ఒక అధికారి నవ్వాడట. “పల్లెటూరికి విషమెందుకని అప్పుడెవలన్న అడిగిన్రా సారూ?” అందట. భూమి వచ్చింది.

శుభ్రం చేయడానికి వచ్చిన ఇంజినీరు పేరు నఫీసా. చిన్న మనిషి, పెద్ద టోపీ. వచ్చిన మొదటి రోజే నా దగ్గరికి వచ్చి పిడి మీద చెయ్యి వేసింది. “అన్నిటికంటే పాతదానివి నువ్వే. నువ్వే చెప్పాలి,” అంది. పదిహేనేళ్ళ తర్వాత నా మీద పడ్డ మనిషి చెయ్యి అది. ఆ వేడి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆమె లెక్కలు కుదరలేదు. చుట్టూ కొత్త బోర్లు వేసి చూస్తే నూరడుగుల దగ్గర విషం కొంచెమే ఉంది. నా నీళ్ళలో మాత్రం విపరీతంగా ఉంది. కాగితం ప్రకారం నావీ పది పైపులే, నూరడుగులే. రెండు నెలలు తల పట్టుకుంది. స్వరూప వెళ్ళి జంగయ్యను పిలిచింది. “దాని మొహం నేను చూడ,” అని తలుపేసుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే తనంత తానే వచ్చాడు. కూలిన గోడ అవతలే నిలబడ్డాడు.

“పది గాదు. పన్నెండు.”

“ఏంటి కాకా?” అంది నఫీసా.

“పైపులు. రెండు నేనే దించిన. కాయితంల లేవు.”

“ఎందుకు దించారు?”

“నీకు లోతు గావాలె, లోతు చెప్పిన. ఎందుకో నీకెందుకు?”

ఆ ఒక్క మాటతో ఆమెకు దారి దొరికింది. విషం ఏ లోతున పేరుకుందో తెలిసింది. జంగయ్య ఇంక రాడనుకున్నాను. మర్నాడు కొత్త రించీలతో వచ్చాడు. నా పైపులు లాగి, కడిగి, అరిగిన తోలు వాషర్లు మార్చి మళ్ళీ దింపాడు. నాతో మాట్లాడలేదు. ఉమ్మలేదు కూడా.

మూడేళ్ళు పని జరిగింది. పై మన్ను మూడడుగులు తవ్వి, కప్పిన లారీల్లో విషపు చెత్తను పాతిపెట్టే చోటికి పంపారు. గుంటలో బురద మొత్తం తీశారు. కింద నల్లరేగడి పరిచి గట్టిగా దిమ్మిస చేసి, పైన కొత్త మన్ను పోశారు. జంగయ్య ప్రతి లారీ దగ్గరా నిలబడ్డాడు. కప్పు సరిగా లేని లారీ ముందు అడ్డంగా కూర్చునేవాడు. డ్రైవర్లు అతన్ని దయ్యం అన్నారు. అతను ఆ పేరుకు అభ్యంతరం చెప్పలేదు.

నేల కిందికి పోయిన విషాన్ని తవ్వి తీయలేరు. దానికి నఫీసా చక్కెర ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ములకు డ్రమ్ములు బెల్లం మడ్డి తెప్పించి బోర్లలో పోయించింది. నేలలో కంటికి కనబడని పురుగులుంటాయని, తీపి తిని బలిస్తే అవే విషాన్ని విరిచేస్తాయని చెప్పింది. వినడానికి వచ్చినవాళ్ళలో పెంటమ్మ ఉంది. అప్పటికి నడుం వంగింది. నోరు వంగలేదు.

“ఓరి నీ! మా ఇంటాయన బెల్లంతోని గుడుంబ కాస్తె పోలీసోళ్ళొచ్చి కుండలు పలగ్గొట్టిరి. ఇయ్యాల సర్కారే భూమికి తాపుతుందా?”

“నిషా ఎక్కదు అవ్వా,” అంది నఫీసా.

“ఎక్కనిదానికి తాపుడెందుకు మరి? దండుగ గాదా?”

జనం పకపకా నవ్వారు. జంగయ్య అటు తిరిగాడు. అతని భుజాలు కదిలాయి. నేను చూశాను.

స్థలం తయారైంది. కబడ్డీ కోర్టు గీశారు, గద్దెలు కట్టారు, వేప మొక్కలు నాటారు. మన్ను ఐదుచోట్ల పరీక్ష చేసి, బాగుందని కాగితాలు గోడకు అంటించారు. ఒక్క పిల్లవాడు రాలేదు. తల్లులు రానివ్వలేదు. అంగడివాళ్ళు ఆ గద్దెల మీద కూరగాయలు పెట్టేది లేదన్నారు. ప్రారంభానికి పది రోజులే ఉంది. ఎవరూ వాడకపోతే భూమిని వేరే పనికి ఇచ్చేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. స్వరూప ఒక మంగళవారం పొద్దున షెడ్డు కింద ఊరిని కూర్చోబెట్టింది.

పెంటమ్మ లేచింది. “కాయితాలు అప్పుడు గూడ ఇచ్చిరి. నాకు సదువు రాదు. మాకు తెల్సిన పద్ధతి ఒక్కటే. జంగడు బోరింగు కొట్టి మొదటి చెంబు తాగాలె. తాగితె రేపట్సంది పోరగాండ్లను తోలిస్తం.”

“నీళ్ళు ఇప్పుడే తాగొద్దు అవ్వా,” అంది నఫీసా. “మన్ను బాగైంది. నీళ్ళకు ఇంకా ఆరేడేళ్ళు పడుతుంది.”

గద్దెలు కట్టిన గుత్తేదారు నవ్వాడు. ప్రారంభానికి అందంగా ఉంటుందని నా మూతి మీది ఎరుపు కప్పేసి, తాగొచ్చని గుర్తుగా వేసే నీలం రంగు సగం దాకా వేయించినవాడు అతనే. “ఒక్క గుక్కకు మనిషేం చస్తడు మేడం? ఊరు నమ్ముతది. అందరికీ మంచిదే గద!”

అతను చెప్పింది నిజమే. ఒక్క గుక్కకు ఏమీ కాదు. మన్ను నిజంగానే బాగుంది. ఒక్క గుక్కతో తొమ్మిదెకరాలు పిల్లలతో నిండుతాయి. లేకపోతే ఐదేళ్ళ కష్టం వేరేవాళ్ళ పాలవుతుంది. స్వరూప చెంబు తెచ్చి జంగయ్య చేతికిచ్చింది. ఆమెను నేను తప్పుపట్టను.

జంగయ్య నా దగ్గరికి వచ్చాడు. కొట్టాడు. నేను ఇచ్చాను. వద్దనే వీలు నాకు లేదు. నీళ్ళు తేటగా వచ్చాయి. పసుపు చాయ కూడా లేదు. అందుకే భయపడ్డాను. చెంబు నిండింది. ఎత్తాడు. వెలుగుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత నఫీసా నమూనాలు పట్టే బకెట్టులో పోసేశాడు.

“ఇరవై మూడేండ్ల కింద గూడ ఇట్లనే తాగిన,” అన్నాడు. “మీ ముందటనే. తుప్పని చెప్పిన. తుప్పు గాదది. ఏందో నాకు తెల్వదు. తెల్వదని చెప్పేదుండె. చెప్పలె. నేను తాగితిని గనక మీరు తాగిండ్రు. తుప్పయితె పైపులు మార్చినంక గూడ ఎందుకొస్తుందని బాలామణి అడిగింది. నాకంటె నీకెక్కువ తెల్సా, నోర్మూసుకోని తాగు అన్న.”



పెంటమ్మ గొంతు తగ్గించింది. “నువ్వు గూడ తాగితివి గదరా బిడ్డా. నీకు తెల్సిన రోగం అదొక్కటే. మేం ఏమన్న అంటిమా?”

“మాఫీ అడుగుతలేను పెద్దమ్మా. ఇయ్యకు. కంపెనోనికి నేనియ్య. నాకు మీరియ్యకుండ్రి. రెండు మాటలు చెప్త, ఇనుండ్రి. నీళ్ళు తాగద్దు. మేడం చెప్పేదాక బర్రెకు గూడ పెట్టద్దు. మన్ను మంచిది. పోయిన లారీ, వచ్చిన లారీ, అన్నీ నేను చూసిన. ఈసారి తెల్సి చెప్తున్న.”

పెంటమ్మ కర్ర ఊతగా నిలబడి అతన్నే చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

“ఒకటి వద్దన్నోడు ఇంకొకటి మంచిదంటె ఇనాలె. లెవ్వుండ్రి. పోయి పోరగాండ్లను తోలుకరాండ్రి. ఏం జూస్తున్రు?”

ఆ సాయంత్రమే వచ్చారు. మొదట ఏడుగురు. చీకటి పడేలోపు లెక్కపెట్టలేనంతమంది. జంగయ్య గుత్తేదారు వేసిన నీలం గీకేసి, తన చేత్తోనే ఎర్ర రంగు పూశాడు. పూస్తున్నప్పుడు నా మూతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు, కదలకుండా. చంటిపిల్లకు మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టు. ఆ చేతి కోసం నేను ఇంకో ముప్పై ఏళ్ళు నిలబడగలను.

ప్రారంభం బాగా జరిగింది. రాతి ఫలకం మీద పదకొండు పేర్లున్నాయి. పనిచేసినవాళ్ళవి అందులో రెండు. జంగయ్యది లేదు. అతను అడగలేదు. తాగడానికి దూరం నుంచి పైపులైను నీళ్ళు వస్తున్నాయి. మంగళవారం అంగడి నిండుతుంది. ఆడపిల్లలు కబడ్డీ ఆడి మోకాళ్ళు గీరుకుంటారు. ఆ గాయాలకు మన్ను అంటితే తల్లులు తుడిచి ఊరుకుంటారు. ఇంతకంటే నమ్మకం ఏం కావాలి? మూడు నెలలకోసారి జంగయ్య వచ్చి నన్ను కొట్టి సీసా నింపి నఫీసాకు పంపుతాడు. అంకె ప్రతిసారీ కొంచెం దిగుతోంది. నన్ను పీకి పాత ఇనుముకు వేసివుండొచ్చు. వేయలేదు. నేల మాట వినడానికి ఉంచుకున్నారు. నన్ను మూసేయని స్వరూపకు, ముట్టుకున్న నఫీసాకు, నా నీళ్ళు పారబోసిన జంగయ్యకు దండం పెట్టాలి. చేతులు లేవు. పిడి ఉంది.

మొన్న పట్నం నుంచి కెమెరాతో ఇద్దరు వచ్చారు. జంగయ్య నా బోల్టులు బిగిస్తున్నాడు. ఆ రోజు సభలో చెప్పింది మళ్ళీ చెప్పమన్నారు. బాలామణి గురించి కొంచెం వివరంగా అన్నారు.

“చెప్పిన,” అన్నాడు.

“మేము లేము కదా పెద్దాయనా. ఒక్కసారి.”

“తాగినోళ్ళకు చెప్పిన. మీరు తాగలే.” రించి సంచిలో వేసుకున్నాడు. “ఇంకెవలకు చెప్ప.”

నేనూ అంతే. మీకు చెప్పాను. ఈ సంగతి మళ్ళీ ఎత్తను.